టైడ్‌వే టన్నెల్

లండన్ కింద 25 కిలోమీటర్ల పొడవున తవ్విన ఈ మురుగు సొరంగం 2025లో పూర్తిగా వాడుకలోకి వచ్చింది. వాన పడినప్పుడు పొంగి థేమ్స్‌లో కలిసే మురుగును పట్టి శుద్ధికి పంపడం దీని పని.

1858 వేసవిలో నది కంపు పార్లమెంటును ఉక్కిరిబిక్కిరి చేసింది. అప్పుడు ఇంజినీరు జోసెఫ్ బాజల్‌జెట్ భారీ కాలువలు కట్టించి, మురుగును నగరానికి తూర్పున బెక్టన్, క్రాస్‌నెస్‌ల దగ్గర నదిలోకి వదిలించాడు. నగరం ఊపిరి పీల్చుకుంది గానీ నదీముఖం బలైంది. అక్కడ పోటు మురుగును మళ్లీ మళ్లీ వెనక్కి నెడుతుంది. అది సముద్రానికి చేరేలోగా, దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. 1878లో ‘ప్రిన్సెస్ ఆలిస్’ ఓడ మునిగింది ఆ మురుగు నీటిలోనే. 600 మందికి పైగా చనిపోయారు. దిగువ తీరం వాళ్లకు మురుగును అంటగట్టి సమస్య తీరిందనుకోవడం ఘోరమైన అన్యాయం.

ఫ్యాక్టరీల వ్యర్థాలూ తోడై, 1957 నాటికి అక్కడ చేపలు దాదాపు మాయమయ్యాయి. శుద్ధి కేంద్రాలు మెరుగుపడ్డాక 1974లో సాల్మన్ మళ్లీ దొరికింది.