సాకేత్‌కు మకాం మార్చే ముందు: దక్షిణ ఢిల్లీకి వెళ్లే తెలుగు కుటుంబాలు చూసుకోవలసిన విషయాలు

ఢిల్లీకి బదిలీ ఉత్తర్వు అందుకున్న తెలుగు కుటుంబం సాధారణంగా మొదట ఇంటి అద్దె గురించి వాకబు చేస్తుంది. బడి ఈడు పిల్లలుంటే అంతకంటే ముందు చూసుకోవలసింది విద్యా సంవత్సరం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పాఠశాలలు జూన్‌లో తెరుచుకుంటాయి. ఢిల్లీలో తరగతులు ఏప్రిల్‌లోనే ఆరంభమై మే నెల మధ్య వరకు సాగుతాయి. వేసవి సెలవుల తరువాత జూలైలో మళ్లీ మొదలవుతాయి. మన అలవాటు ప్రకారం జూన్‌లో సామాను సర్దుకుని సాకేత్ చేరే కుటుంబానికి అప్పటికే నెలన్నర పాఠాలు తప్పిపోయి ఉంటాయి. పేరున్న బడులలో సీట్లు కూడా నిండిపోయి ఉంటాయి.

నర్సరీ స్థాయిలో ఈ తేడా మరింత ఎక్కువ. ఢిల్లీ ప్రైవేటు పాఠశాలలలో ఏప్రిల్‌లో చేరవలసిన చిన్నారులకు దరఖాస్తుల ప్రక్రియ అంతకు ముందరి శీతాకాలంలోనే పూర్తవుతుంది. బడికీ ఇంటికీ మధ్య దూరాన్ని బట్టి మార్కులు వేసే పద్ధతి అక్కడ అమలులో ఉంది. అంటే దరఖాస్తు నాటికే ఢిల్లీ చిరునామాకు రుజువు చేతిలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు కేంద్రీయ విద్యాలయాలు కొంత ఊరట. బదిలీలకు లోబడిన ఉద్యోగుల పిల్లలకు అక్కడ ప్రాధాన్యం ఉంటుంది.

స్థానికత కోల్పోయే ప్రమాదం

ఇంతకంటే బరువైన విషయం తొమ్మిదో తరగతి నుంచి ఎదురవుతుంది. తెలుగు రాష్ట్రాలలో వృత్తి విద్యా కోర్సుల ప్రవేశాలకు స్థానికత కీలకం. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి మూలం. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దానిని బట్టి విద్యార్థి స్థానికుడా కాదా అన్నది నిర్ణయించే విధానం అప్పటి నుంచి స్థిరపడింది. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో వైద్య విద్యా ప్రవేశాల నిబంధనలను సవరించి, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న షరతును స్పష్టం చేసింది. దానిని సవాలు చేసిన వ్యాజ్యాలు సుప్రీంకోర్టు వరకు వెళ్లాయి. 2025 సెప్టెంబరు 1న అత్యున్నత న్యాయస్థానం ఆ నిబంధనను సమర్థించింది. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, అఖిల భారత సర్వీసుల అధికారులు, సైనికులు వంటివారు విధుల రీత్యా రాష్ట్రం వెలుపల ఉన్నప్పుడు వారి పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి. ప్రైవేటు సంస్థ బదిలీ చేసిన ఉద్యోగికి ఆ ఊరట లభిస్తుందన్న భరోసా లేదు.

హైదరాబాదులో పుట్టి, ఎనిమిదో తరగతి వరకు అక్కడే చదివి, తండ్రి ఉద్యోగం కారణంగా పై నాలుగేళ్లు ఢిల్లీలో చదివిన అమ్మాయి సొంత రాష్ట్రంలోనే స్థానికేతరురాలిగా లెక్కకు వచ్చే అవకాశం ఉంది. ఇంటి అద్దెలో పది వేలు అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు. వైద్య కళాశాలలో సీటు విషయంలో అలా సర్దుకోవడం కుదరదు. మకాం మార్చే ముందు సంబంధిత విశ్వవిద్యాలయం ఆ ఏడాది జారీ చేసిన ప్రవేశ నిబంధనలను పూర్తిగా చదవడం, అవసరమైతే కుటుంబాన్ని రెండేళ్లు ఊళ్లోనే ఉంచడం గురించి ఆలోచించడం వివేకం.

దీనికి ఢిల్లీ వైపు కూడా ఒక లెక్క ఉంది. ఢిల్లీ ప్రభుత్వ పరిధిలోని ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీ వంటి సంస్థలలో 85 శాతం సీట్లు ఢిల్లీ విద్యార్థులకు కేటాయిస్తారు. అక్కడ చూసేది పన్నెండో తరగతి చదివిన పాఠశాల ఢిల్లీ హద్దులలో ఉందా లేదా అన్నదే. సాకేత్‌లో నివసిస్తూ గురుగ్రామ్‌లోనో ఫరీదాబాద్‌లోనో బడికి వెళ్లే విద్యార్థికి ఈ కోటా వర్తించదు. ఇళ్ల ప్రకటనలలో రాజధాని ప్రాంతమంతా ఒకే ఊరిలా కనిపించినా, గురుగ్రామ్ హర్యానాలోనూ నోయిడా ఉత్తరప్రదేశ్‌లోనూ ఉన్నాయి. ప్రవేశాల దగ్గర ఆ సరిహద్దులు కచ్చితంగా పనిచేస్తాయి.

ఊరి స్వరూపం

సాకేత్ అన్నది అయోధ్య ప్రాచీన నామం. ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఫ్లాట్లు, ప్రైవేటు అంతస్తుల ఇళ్లు, మాల్‌లు, ఆసుపత్రులు, జిల్లా కోర్టుల సముదాయం, వాటి నడుమ చిక్కుకుపోయిన పాత పల్లెలు కలిసి నేటి సాకేత్ అయింది. దేశంలో తొలి మల్టీప్లెక్సుగా పేరొందిన సినిమా హాలు 1997లో తెరుచుకున్నది ఇక్కడే.

కొత్తవారు తరచూ పొరబడేది మెట్రో స్టేషను దగ్గర. పసుపు మార్గంలో సాకేత్ పేరుతో ఉన్న స్టేషను కాలనీకి పడమటి అంచున, సైదులాజాబ్ పక్కన ఉంది. మాల్‌లకు, కోర్టుకు, ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డులోని ఆసుపత్రికి వెళ్లవలసినవారు దిగవలసింది దాని పక్క స్టేషనైన మాలవీయ నగర్‌లో. ఇల్లు చూసుకునేటప్పుడు కూడా ఏ స్టేషనుకు దగ్గరో అడిగి తెలుసుకోవాలి. సాకేత్ స్టేషను నుంచి రైలు మారకుండా నాలుగో స్టేషను ఎయిమ్స్, తొమ్మిదో స్టేషను సెంట్రల్ సెక్రటేరియట్. సచివాలయ ఉద్యోగులు ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి ఇదొక ప్రధాన కారణం. లజ్‌పత్ నగర్ నుంచి సాకేత్ జి బ్లాకు వరకు మరో మెట్రో మార్గానికి కేంద్ర మంత్రివర్గం 2024 మార్చిలో ఆమోదం తెలిపింది. ఏరోసిటీ–తుగ్లకాబాద్ మార్గం కూడా ఇదే వైపు నుంచి వెళుతుంది. నిర్మాణం సాగినన్నాళ్లూ మెహ్రౌలీ–బదర్‌పూర్ రోడ్డు మీద ప్రయాణానికి అదనపు సమయం లెక్క వేసుకోక తప్పదు.

మాల్‌లకు ఎదురుగా, రోడ్డు దాటగానే ఖిడ్కీ గ్రామం ఉంది. మన కిటికీకి ఈ ఖిడ్కీ దగ్గరి చుట్టమే. జాలీ కిటికీల వల్ల ఆ పేరు వచ్చిన మసీదును పద్నాలుగో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఫిరోజ్ షా తుగ్లక్ మంత్రి జునాన్ షా కట్టించాడు. ఈయన తండ్రి మాలిక్ మక్బూల్ తెలుగువాడు. కాకతీయ ప్రతాపరుద్రుని కొలువులో ఉండి, 1323లో ఓరుగల్లు పతనమయ్యాక బందీగా ఢిల్లీ చేరి, మతం మారి, చివరకు సుల్తానుకు వజీరయ్యాడు. సాకేత్‌కు తెలుగువారి వలస గురించి మాట్లాడేటప్పుడు ఏడు వందల ఏళ్ల కిందటి ఈ కుటుంబాన్ని తలచుకోకుండా ఉండలేము.

ఇల్లు, ఒప్పందం, నేలమాళిగ

డీడీఏ ఫ్లాట్లలో గదులు చిన్నవైనా గాలి, వెలుతురు, పార్కు ఉంటాయి. బ్లాకులలోని అంతస్తుల ఇళ్లలో ఒక్కో అంతస్తు ఒక్కో యజమానిది కావచ్చు. నీటి ట్యాంకు, పార్కింగు, మేడ మీది హక్కు ఎవరివో ముందే తేల్చుకోవాలి. అద్దె తక్కువని చూపించే ఇళ్లు చాలా వరకు ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్, సైదులాజాబ్, నేబ్ సరాయ్ వంటి చోట్ల ఉంటాయి. గేట్, ఇంజినీరింగ్ సర్వీసుల శిక్షణ కోసం వచ్చే తెలుగు యువకులలో చాలామంది ఇగ్నో రోడ్డు పరిసరాలలో చేరేదీ ఇటువంటి గదులలోనే. పాత గ్రామ కంఠాలను బ్రిటిష్ కాలంలో పటం మీద ఎర్ర గీతతో గుర్తించడం వల్ల వీటికి లాల్ డోరా అన్న పేరు వచ్చింది. ఇక్కడ భవన నిబంధనల అమలు చిరకాలంగా బలహీనం. సందులలోకి అగ్నిమాపక శకటం వెళ్లగలదా, మెట్లు కాక మరో దారి ఉందా అన్నవి గది గోడల రంగు కంటే ముందు చూడవలసిన సంగతులు.

నేలమాళిగ గదిని మాత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోకూడదు. 2024 జూలై 27న పాత రాజిందర్ నగర్‌లో ఒక శిక్షణ కేంద్రపు నేలమాళిగ గ్రంథాలయంలోకి వాన నీరు ముంచెత్తడంతో సివిల్ సర్వీసులకు సిద్ధమవుతున్న ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆ నేలమాళిగకు ఉన్న అనుమతి సామాను నిల్వకే. ఢిల్లీలో కుండపోత వాన రోజులు కొన్నే అయినా, మురుగు కాలువలు పొంగడానికి గంట వాన చాలు. సరిగ్గా పై చివర ఉండే గదిని అక్కడ బర్సాతీ అంటారు. మే, జూన్‌లలో పైకప్పు రాత్రి పొద్దుపోయే దాకా సెగలు కక్కుతుంది.

అద్దె ఒప్పందం దాదాపు ఎప్పుడూ పదకొండు నెలలకే రాస్తారు. ఏడాదికి మించిన కౌలుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడమే ఇందుకు కారణం. 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం కాపాడుతుందని భరోసా పెట్టుకోవడం వృథా. నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెలకు అది వర్తించదు. అంటే నేటి సాకేత్‌లో అద్దెదారుకు రక్షణ ఒప్పందపు కాగితం మాత్రమే. నోటీసు గడువు, ఏటా పెంపు, బయానా తిరిగి ఇచ్చే తేదీ, రంగులు వేయించే ఖర్చు ఎవరిదన్నది అందులో రాయించుకోవాలి. అద్దెదారు వివరాలను పోలీసులకు తెలియజేసే బాధ్యత యజమానిది. ఢిల్లీ పోలీసుల వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. యజమాని ఉపేక్షిస్తే అద్దెదారే గుర్తు చేయడం మేలు, ఎందుకంటే ఆ రసీదు పలు చోట్ల పనికి వస్తుంది.

కరెంటు విషయంలో ఒక ప్రశ్న అడిగితే చాలు: విడి మీటరు ఉందా, యజమాని పెట్టిన సబ్ మీటరా? నెలకు 200 యూనిట్ల లోపు వాడకానికి ఢిల్లీ ప్రభుత్వం ఇచ్చే రాయితీ అసలు మీటరుకు వర్తిస్తుంది. సబ్ మీటరు మీద యజమాని చెప్పిందే రేటు. నీళ్లు రోజంతా రావు. ఏ వేళ వస్తాయో, వేసవిలో ట్యాంకరు తెప్పించవలసి వస్తుందో లేదో కింది అంతస్తు వారిని అడిగితే నిజం తెలుస్తుంది.

లారీ, బండి, గాలి

నవంబరు నుంచి జనవరి వరకు సామాను లారీ పంపేవారు గాలి నాణ్యత సూచీని కూడా చూసుకోవాలి. సూచీ 450 దాటి నాలుగో దశ ఆంక్షలు అమలులోకి వస్తే, నిత్యావసరాలు కాని సరుకుతో వచ్చే పాత ప్రమాణాల డీజిల్ లారీలను ఢిల్లీ సరిహద్దులోనే ఆపివేస్తారు. బీఎస్-6 లారీ కావాలని రవాణా సంస్థతో ముందే మాట్లాడుకుంటే మంచాలూ బీరువాలూ హర్యానాలో చిక్కుకోవు. సొంత కారు తీసుకువెళ్లేవారు ఊళ్లోని రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచే వాహనానికి అక్కడ కొత్త నంబరు తప్పదు. పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై రాజధానిలో ఉన్న నిషేధం మీద కోర్టు ఉత్తర్వులు మారుతూ వస్తున్నాయి. పాత బండి ఉన్నవారు తాజా స్థితి తెలుసుకునే బయలుదేరాలి.

రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవారికి ఢిల్లీ వేసవి కొత్త కాదు. కొత్తది చలి. జనవరిలో కనిష్ఠ ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలకు దిగే రాత్రులుంటాయి. పాలరాతి నేలలున్న ఇళ్లు మంచుగడ్డలా ఉంటాయి. ఎండ పడే గది ఉన్న ఇల్లు, గీజరు, మందపాటి రజాయిలు అప్పుడు విలాసాలు కావు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం మాత్రం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలు, వృద్ధులు ఉన్న కుటుంబాలు శీతాకాలానికి ముందే వైద్యుని సలహా తీసుకోవడం అవసరం. ఆ రోజులలో ఉదయపు నడక ఆరోగ్యానికి మేలు చేయదు.

తెలుగు ఆసరా

అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ భోజనం గురించి తెలియని తెలుగువారు ఢిల్లీలో ఉండరు. అక్కడి రెసిడెంట్ కమిషనర్ కార్యాలయం ఆపదలో తలుపు తట్టదగిన చోటు అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. రాష్ట్ర విభజన జరిగిన పదేళ్లకు, 2024లో భవన్ ఆస్తుల పంపకం కొలిక్కి వచ్చింది. తెలంగాణకు తన భవన్, తన కమిషనర్ వేరుగా ఉన్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలల్లో పిల్లలకు తెలుగు నేర్పుతారు. తిరుమల తిరుపతి దేవస్థానం స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల 1961 నుంచి నడుస్తోంది. దేవస్థానం వారి బాలాజీ ఆలయం గోల్ మార్కెట్ సమీపంలో ఉంది. కరివేపాకు, మునగకాయ, చేపలకు ఐఎన్‌ఏ మార్కెట్టు పేరు పొందింది. అదీ సాకేత్ మెట్రో మార్గంలోనే. సన్న బియ్యానికి మునీర్కా వైపు దక్షిణాది దుకాణాలలో వెతకాలి. వీధి చివరి కొట్టులో దొరికేది ఎక్కువగా బాస్మతి.

హైదరాబాదు హిందీ అలవాటైనవారికి భాష పెద్ద అడ్డు కాదు, అయితే అక్కడ చనువుగా వినిపించే మాట ఢిల్లీలో మొరటుగా తోచవచ్చు. కూరగాయల బండివాడితోనైనా ‘ఆప్’ అనడమే మేలు. దక్షిణాది వారందరినీ ‘మద్రాసీ’ అనే పాత అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. కోపం తెచ్చుకోకుండా ఊరి పేరు చెబితే, సంభాషణ సాధారణంగా బిర్యానీ మీదికో సినిమా మీదికో మళ్లుతుంది.

హైదరాబాదు నుంచి న్యూఢిల్లీకి రైలు దారి దాదాపు 1,670 కిలోమీటర్లు, ప్రయాణం ఒక రోజుకు పైగా. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి కనుక సంక్రాంతికి ఊరు వెళ్లదలచినవారు నవంబరు రెండో వారంలోనే టికెట్టు తీసుకోవాలి. డిసెంబరు, జనవరిలలో పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి గనుక, భోగికి ముందు ఒక రోజు చేతిలో ఉండేలా బయలుదేరడం మంచిది.