‘హార్డ్’కి ‘లీ’ చేరిస్తే అర్థమే మారిపోతుంది!



“ఐ స్టడీ హార్డ్‌లీ.” పిల్లల ఇంగ్లిష్ నోట్‌బుక్కుల్లో తరచుగా కనిపించే వాక్యం ఇది. వాళ్లు చెప్పాలనుకున్నది “నేను కష్టపడి చదువుతాను” అని. కానీ ఈ వాక్యానికి అర్థం “నేను చదివేది అంతంతమాత్రమే” అని! స్పెల్లింగ్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఈ తప్పు త్వరగా కంటపడదు. రేపు ఏ ఇంటర్వ్యూలోనో ఇదే మాట అంటే, పిల్లల కష్టం గురించి వాళ్ల మాటే తప్పుగా చెప్పినట్టవుతుంది.

ఎందుకు ఇలా రాస్తారు?

తెలుగులో ‘నెమ్మది’కి ‘గా’ చేరిస్తే ‘నెమ్మదిగా’ అవుతుంది. ఇంగ్లిష్‌లో ‘స్లో’కి ‘లీ’ చేరిస్తే ‘స్లోలీ’ అవుతుంది. ‘గా’ వచ్చేచోట ‘లీ’ పెట్టాలని పిల్లలు గ్రహిస్తారు. చాలా మాటలకు ఇది సరిపోతుంది. కానీ ‘హార్డ్’ అనే మాట ఏ మార్పూ లేకుండానే క్రియా విశేషణంగా, అంటే యాడ్వర్బ్‌గా పనిచేస్తుంది: “ఐ స్టడీ హార్డ్.” ‘ఫాస్ట్’ కూడా అంతే. ‘ఫాస్ట్‌లీ’ అనే వాడుక లేదు.

ఈ అర్థం ఎలా వచ్చింది?

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ఈ మాటకు ‘ధైర్యంగా, కఠినంగా’ అని అర్థం. క్రమంగా అది ‘కష్టమ్మీద’ అనే అర్థంలోకి మారింది. కష్టమ్మీద జరిగేది దాదాపు జరగనట్టే కదా! అలా 16వ శతాబ్దం నాటికి ‘దాదాపు లేదు’ అనే అర్థం వాడుకలోకి వచ్చింది. మనం కూడా “వాడు పాసవడం కష్టమే” అంటే, పాసవడేమో అనే కదా అర్థం!

వాడేటప్పుడు మూడు విషయాలు

1. ‘హార్డ్’ క్రియ తర్వాత వస్తుంది: “షి వర్క్స్ హార్డ్.” ‘హార్డ్‌లీ’ సాధారణంగా ప్రధాన క్రియకు ముందు వస్తుంది: “షి హార్డ్‌లీ వర్క్స్.” మొదటిది మెచ్చుకోలు, రెండోది ఫిర్యాదు.

2. ‘హార్డ్‌లీ’లోనే ‘లేదు’ అనే భావం ఉంది. అందుకే దాని పక్కన ‘నాట్’ వద్దు. “ఐ కాంట్ హార్డ్‌లీ హియర్ యు” తప్పు. “ఐ కెన్ హార్డ్‌లీ హియర్ యు” సరైనది. అంటే, “మీ మాట సరిగా వినబడటం లేదు.”

3. ‘హార్డ్‌లీ ఎవర్’ అంటే ఎప్పుడో గాని జరగదని. ‘హార్డ్‌లీ ఎనీ’ అంటే దాదాపు ఏమీ లేదని.

‘లేట్’, ‘లేట్‌లీ’ కూడా ఇలాంటి జంటే. ‘లేట్’ అంటే ఆలస్యంగా, ‘లేట్‌లీ’ అంటే ఈమధ్య.

ఇంట్లో మీరు చేయగలిగింది

దీనికి మీరు ఇంగ్లిష్ మీడియంలో చదివి ఉండనక్కర్లేదు. పిల్లలు రాసిన వాక్యం చదివించి, “దీన్ని తెలుగులో చెప్పు” అనండి. వాళ్లు “కష్టపడి” అన్నచోట నోట్‌బుక్‌లో ‘హార్డ్‌లీ’ అని ఉంటే, “అంటే నువ్వు అసలు చదవడం లేదా?” అని నవ్వుతూ అడగండి. రెండు మాటలతోనూ చెరో రెండు వాక్యాలు రాయించండి. తన వాక్యానికి తనే తెలుగులో అర్థం చెప్పుకుని సరిచూసుకోవడం అలవాటైతే, ఇలాంటి తప్పులను పిల్లలే పట్టుకోగలుగుతారు.