కొత్త విండోస్‌లో ఆటలకు ఒనగూడినదేమిటి?

విండోస్ 11 వేయిస్తే ఆటలు మెరుగవుతాయని పిల్లలు పట్టుబడితే, వారి మాట అబద్ధమేమీ కాదు. 2021 అక్టోబరు 5న విడుదలైన ఈ వ్యవస్థలో ఆటల కోసం చేసిన మార్పులు వాస్తవమైనవే. అవి ఏ ఇంటి యంత్రంలో ఫలిస్తాయన్నదే మనం విచారించవలసిన విషయం.

‘ఆటో హెచ్‌డీఆర్’ పాత ఆటల్లోని వెలుగునీడలకు, రంగులకు కొత్త విస్తృతి కల్పిస్తుంది. హెచ్‌డీఆర్ తెర లేని ఇంట్లో అది ఉన్నా లేనట్టే. ‘డైరెక్ట్‌స్టోరేజ్’ సంగతి మరింత ఆసక్తికరం. ఆటలోని దృశ్యాల సమాచారం డిస్కు నుండి చేరేటప్పుడు ప్రాసెసర్‌పై పడే భారాన్ని అది తగ్గిస్తుంది. ఆట తెరుచుకునేందుకు వేచి ఉండవలసిన సమయం తగ్గుతుంది. పూర్తి ఫలితం దక్కాలంటే ఎన్‌వీఎంఈ డిస్కు, డైరెక్ట్‌ఎక్స్ 12 గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. పైగా ఆటను తయారుచేసినవారే ఆ పద్ధతిని అందులో పొందుపరచాలి. దానిని వాడుకున్న తొలి పీసీ ఆట ‘ఫోర్‌స్పోకెన్’ 2023 జనవరిలో గాని రాలేదు!

మాకు ఆందోళన కలిగించేది మరొకటి. వేగం కోసం ‘మెమొరీ ఇంటెగ్రిటీ’ అనే రక్షణను ఆపివేయవచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. ఆపితే యంత్రం ముప్పుకు లోనుకావచ్చని, ఆట ముగిశాక తిరిగి ప్రారంభించాలని కూడా అదే చెప్పింది. బ్యాంకు లావాదేవీలు, కుటుంబ ఛాయాచిత్రాలు ఉన్న ఉమ్మడి కంప్యూటరులో ఆ నిర్ణయాన్ని పిల్లవానికి వదలడం మాకు సమ్మతం కాదు.