బీడీ ముట్టనోళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సరా? ముక్క పరీక్షల జీన్ సంగతి అడుగుండ్రి

నిజామాబాద్ జిల్లాల బీడీలు చుట్టే ఆడోళ్లు లేని ఊరు తక్వ. చుట్టుడే గాని నోట్లె పెట్టరు. అసొంటోళ్లకు దగ్గు నెలల తరబడి తగ్గకుంటె టీబీ అనుకుంటరు, గోలీలు మింగుతరు. క్యాన్సర్ అన్న అనుమానమే రాదు. టైమంత గాడనే పోతది.

పొగ తాగనోళ్లకు గూడ ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తది. వాళ్లల్ల చానమందికి ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌ల తప్పు దొరుకుతది. 2004ల అమెరికా డాక్టర్లు దీన్ని పట్టుకున్నరు. బోధన్ దిక్కు చెరుకు రైతులకు మోటర్ స్టార్టర్ ఎర్కనే. కణానికి ఈజీఎఫ్ఆర్ అసొంటి స్టార్టరే. జీన్ చెడిపోతె బటన్ ఆన్ మీదనే ఇరుక్కపోతది, కణాలు పెరుగుతనే ఉంటయి. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఒసిమెర్టినిబ్ గోలీలు ఆ బటన్‌నే ఆపుతయి. రోజుకొకటి, ఇంట్లనే మింగొచ్చు. ఒంటి మీద పొక్కులు, విరేచనాలు అయితయి గాని కీమో అంత గోస ఉండది.

జీన్ అనంగనే "మా పిల్లలకు గూడ వస్తదా, పెండ్లిళ్లు ఎట్ల?" అని భయపడుతరు. ఈ తప్పు గడ్డ కణాలల్ల కొత్తగ పుట్టిందే, తల్లి నుంచి బిడ్డకు పోయేది గాదు. ఒకరిద్దరి ఇండ్లల్ల తప్ప ఇది వంశంల నడవదు.

అట్లని పరీక్ష లేకుంట గోలీ మింగొద్దు. 2009ల అచ్చయిన ఐపాస్ స్టడీల తప్పు ఉన్నోళ్లకు గోలీ మేలు జేసింది, లేనోళ్లకు కీమోనే నయమైంది.

ఇగ పైసల ముచ్చట. 2008ల సిప్లా ఎర్లోటినిబ్‌ను తక్వ ధరకు అమ్మితె రోష్ కంపెనీ కోర్టుకెక్కింది. ఢిల్లీ హైకోర్టు అమ్మకం ఆపలేదు, రోగుల అవసరం గూడ చూడాలన్నది. మన హైదరాబాద్ నాట్కో గూడ జనరిక్ గోలీలు తయారు జేస్తది. ఒసిమెర్టినిబ్ మీద 2024 బడ్జెట్‌ల కస్టమ్స్ సుంకం తీసేసిండ్రు. అయినా పేదోనికి అది బరువే.

ఏడాది అటుఇటు అయ్యేసరికి మొదటి గోలీలు చానమందికి పట్టు వదులుతయి. అప్పుడు మల్ల పరీక్ష, కొన్నిసార్లు రక్తంతోనే అయితది.

ఎమ్‌ఎన్‌జేకో, నిమ్స్‌కో తీస్కపోయేటప్పుడు బయాప్సీ రిపోర్టే గాదు, ముక్కను మైనంల పెట్టిన బ్లాకు గూడ ల్యాబ్ నుంచి అడిగి తీస్కోండ్రి. ముక్క సరిపడ ఉంటె, మల్ల సూది గుచ్చకుంట దాంట్లనే జీన్ పరీక్ష జేస్తరు.