నమూనా పడవకు మోటారు మార్చుట

1898లో నికొలా టెస్లా న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో ఒక చిన్న పడవను నీటితొట్టిలో నడిపి చూపెను. పడవలో బ్యాటరీ, మోటారు, చుక్కాని కలవు. ప్రేక్షకులకడనున్న పెట్టెకును పడవకును నడుమ తీగ మాత్రము లేదు; రేడియో తరంగములే ఆజ్ఞలను కొనిపోయినవి. ఆ ఏడాది నవంబరు 8వ తేదీన అమెరికా ప్రభుత్వము దానికి 613,809 సంఖ్యగల పేటెంటు నొసగెను. అట్టి పడవను నేడు హైస్కూలు విద్యార్థులును తయారుచేయవచ్చును. రేడియో భాగములు సిద్ధముగా దొరకుచున్నవి. కష్టమంతయు పడవలోనే ఉన్నది. బాగుగనే నడచుచున్న పడవను ఇంకను వేగముగా నడపవలెనను కోరిక పుట్టిననాడు ఆ కష్టము రెట్టింపగును.

నమూనాలు చేయువారికి మిక్కిలి ఇష్టమైన పడవలలో రెండవ ప్రపంచ యుద్ధమునాటి అమెరికా టార్పీడో పడవ యొకటి. ఎల్కో కంపెనీ కట్టిన 80 అడుగుల రకమునకు చెందినదే పి.టి. 109. తరువాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీ దానికి నాయకుడుగా ఉండగా, 1943 ఆగస్టులో సాలమన్ దీవులవద్ద జపాను యుద్ధనౌక ఢీకొని అది మునిగెను. ఈ రకపు పడవ కొయ్యతో కట్టినది. బరువు సుమారు 50 టన్నులు. వేగము సుమారు 40 నాట్లు, అనగా గంటకు 74 కిలోమీటర్లు. ఒక్కొక్కటి 1500 అశ్వసామర్థ్యము వరకు ఇచ్చు ప్యాకార్డ్ ఇంజనులు మూడు దానిని తోయుచుండెను.

దీనిని 20వ వంతుకు తగ్గించి కట్టినచో పొడవు 122 సెంటీమీటర్లగును. బరువుకూడ 20వ వంతే కదాయని తొందరపడరాదు. పొడవు, వెడల్పు, లోతు మూడును తగ్గినవి కనుక బరువు 20 × 20 × 20, అనగా 8000వ వంతు కావలెను. 50 టన్నులకు వచ్చునది ఆరుంబావు కిలోలు మాత్రమే. కొయ్య, రంగు, మోటారు, బ్యాటరీ, రేడియో, తుపాకుల బొమ్మలు, అన్నియు ఇందులోనే ఇమడవలెను. ఇంతకు మించినచో పడవ ప్రక్కన గీసిన నీటిగీత నీటి క్రిందికి పోవును.

మరి వేగమెంత? 74ను 20చే భాగించిన 3.7 వచ్చును. ఆ వేగమున నమూనా చెరువులో బాతువలె సాగునేకాని టార్పీడో పడవవలె ముక్కెత్తి నీటిపై జారదు. ఈ చిక్కును విడదీసినవాడు ఇంగ్లండు దేశపు ఇంజనీరు విలియం ఫ్రూడ్. ఆయన 1872లో టార్కీ పట్టణమున 278 అడుగుల పొడవుగల తొట్టి కట్టించి, మైనముతో చేసిన నమూనాలను అందులో లాగించి పరీక్షించెను. ఓడ లేపు అలల తీరును, నమూనా లేపు అలల తీరును ఒకటిగా ఉండవలెనన్నచో వేగములు పొడవుల వర్గమూలముల నిష్పత్తిలో ఉండవలెనని ఆయన తేల్చెను. 20కి వర్గమూలము 4.47. కాబట్టి మన నమూనాకు తగిన వేగము గంటకు 16.6 కిలోమీటర్లు, అనగా సైకిలు వేగము. విశాఖపట్నములోని నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల తొట్టియందు జరుగు నమూనా పరీక్షలకును ఈ సూత్రమే ఆధారము.

నిరోధము 8000వ వంతు, వేగము 4.47వ వంతు, ఈ రెంటిని గుణించిన సామర్థ్యము సుమారు 36,000వ వంతని తేలును. 4500 అశ్వసామర్థ్యము 94 వాట్లకు దిగివచ్చినది! అయితే నీటి ఘర్షణ ఈ లెక్కకు లొంగదు. చిన్న పడవకు ఘర్షణ పాలు హెచ్చు. ఫ్రూడ్ కూడ ఘర్షణను వేరుగా లెక్కించి కలిపినాడు. మోటారులోను ప్రొపెల్లరులోను జరుగు నష్టములు అదనము. అందుచే 94కు రెట్టింపు వాట్లు సమకూర్చుకొనుట మంచిది.

ఇక వేగము పెంచు సంగతి. రెండు ఘటముల లిథియం బ్యాటరీతో, 7.4 వోల్టులవద్ద, 20 ఆంపియర్లు తీసుకొని నడచు మోటారున్నదనుకొందము. మూడవ ఘటము చేర్చినచో 11.1 వోల్టులగును. ఒకటిన్నర రెట్లు వోల్టేజి, ఒకటిన్నర రెట్లు భ్రమణములు. ఇంతవరకు తృప్తిగానే ఉన్నది. కాని నీటిలో తిరుగు ప్రొపెల్లరు కోరు సామర్థ్యము భ్రమణ వేగముయొక్క ఘనమును అనుసరించి పెరుగును. ఒకటిన్నరకు ఘనము 3.4. అనగా 148 వాట్లు కావలసినచోట దాదాపు 500 వాట్లు కావలెను. విద్యుత్ప్రవాహము 45 ఆంపియర్లకు ఎక్కును. తీగచుట్టలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమును అనుసరించును గనుక అది అయిదురెట్లగును. మొదటి నిమిషములో పడవ ఈలవేసికొనుచు పరుగెత్తును. మూడవ నిమిషమున కమురువాసన వచ్చును.

మోటారును నిందించి లాభము లేదు, ప్రొపెల్లరును మార్చవలెను. ఒకే రూపముగల ప్రొపెల్లర్లలో సామర్థ్యము వ్యాసముయొక్క అయిదవ ఘాతమును అనుసరించును. 45 మిల్లీమీటర్ల ప్రొపెల్లరు తీసి 40 మిల్లీమీటర్లది బిగించినచో, కంటికి తేడా అంతగా తోచకపోయినను, 45 ఆంపియర్లు 25కు దిగును. పడవ ముందుకు సాగుచున్నప్పుడు ఈ అంకెలు కొంత మారును. కావున బ్యాటరీకిని మోటారుకును నడుమ వాట్‌మీటరు పెట్టి కొలిచిన పిమ్మటనే పడవను చెరువు నడుమకు పంపవలెను. ఆ మీటరు కొనుటకు వెనుకాడువారు మోటార్లు కొనుచుందురు.

పాత బ్రష్షు మోటారుకు బదులు బ్రష్షులేని మోటారు, నికెలు బ్యాటరీకి బదులు లిథియం బ్యాటరీ పెట్టినచో బరువు తగ్గును. తగ్గిన బరువును సీసపు ముక్కలరూపమున అడుగుభాగమున తిరిగి చేర్చవలసివచ్చుట వింతగా తోచవచ్చును. కాని గరిమనాభి ఎంత క్రిందుగా ఉన్న అంత మేలు. గాలి పడవను ఒరగద్రోయు భ్రామకము పొడవుయొక్క ఘనమునుబట్టియు, పడవ తిరిగి నిలుచు భ్రామకము పొడవుయొక్క నాలుగవ ఘాతమునుబట్టియు మారును. సముద్రముమీది గాలి చెరువుమీదికి వచ్చునప్పుడు 20వ వంతుకు తగ్గిరాదు గదా! అదే గాలికి నమూనా అసలు పడవకన్న 20 రెట్లు త్వరగా ఒరుగును.

నేటి రేడియోలు 2.4 గిగాహెర్ట్‌జులవద్ద పనిచేయును. ఆ తరంగముల పొడవు 12.5 సెంటీమీటర్లు మాత్రమే. నీరు వాటిని మ్రింగివేయును. కాబట్టి గ్రాహకపు ఏరియలును నీటిగీతకు పైనే ఉంచవలెను. సంకేతము తెగినప్పుడు మోటారు తనంతట ఆగునట్లు ముందుగనే అమర్చుకొనవలెను. లిథియం బ్యాటరీని పడవలోనుండి తీసి, తగిన ఛార్జరుతో, పెద్దలెవరైన దగ్గరనుండగా ఛార్జి చేయవలెను. అది ఉబ్బినచో మరల వాడరాదు.

గాలిలేని ఉదయమున చెరువుగట్టుపై 23 మీటర్ల ఎడముగా రెండు కర్రలు పాతి, వాటి నడుమ పడవను నడిపి చూడవచ్చును. 5 సెకండ్లలో దాటినచో అది ఫ్రూడ్ లెక్క చెప్పిన వేగమే. అప్పుడు ప్రక్కనుండి ఫోటో తీసి, అసలు టార్పీడో పడవ ఫోటోతో పోల్చి, ముక్కు ఎంత లేచినదో, అల పడవను ఏ చోట విడిచినదో చూడవలెను.