కెమెరా కొంటున్నారా? అమ్మే రోజు లెక్క ముందే వేయండి

2022 జులై. ఆషాఢం ముసురు. అమలాపురం గడియార స్తంభం దగ్గర ఓ టీ కొట్టులో కెమెరా బ్యాగు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా కొత్తపేట నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు. నేను తీసిన మంచి ఫొటోలన్నీ ఫోన్లో సిద్ధంగా పెట్టుకుని వెళ్లాను. ఆయన వాటివైపు చూడనే లేదు. ‘బిల్లుందాండి? బాక్సుందా? ఎన్ని క్లిక్కులయ్యాయి?’ అని అడిగారు. తర్వాత లెన్సు ఊడదీసి, సెల్‌ఫోన్ టార్చి వేసి, ఓ కన్ను మూసి లోపలికి చూశారు. అయిదు నిమిషాల్లో ధర చెప్పేశారు.

బేరం ఆడే స్థితిలో నేను లేను. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, రూము అడ్వాన్సుకు డబ్బు కావాలి. 2018లో ఇంజినీరింగ్ అయ్యాక ఆఫర్ లెటరు కోసం ఎదురుచూస్తూ, నాన్నగారి కొబ్బరి డబ్బులు కొంత, ఈఎంఐ కొంత కలిపి రూ.1.30 లక్షలకు కొత్త ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ కొన్నాను. దాంతోపాటు వాడిన 70-200 ఎఫ్2.8 లెన్సు రూ.85 వేలకు తీసుకున్నాను. నాలుగేళ్ల తర్వాత ఆ టీ కొట్టులో బాడీకి 55 వేలు, లెన్సుకు 72 వేలు వచ్చాయి. బాడీ మీద 75 వేలు, లెన్సు మీద 13 వేలు.. మొత్తం 88 వేలు పోయాయి.

ఈ మధ్యలో నేను చేసిన పెళ్లిళ్లు 22. అంటే ఒక్కో పెళ్లికి రూ.4 వేలు కెమెరాయే తినేసింది. మొదట్లో రెండో కెమెరా పట్టుకున్నందుకు నాకిచ్చింది పెళ్లికి 5 వేలు! వడ్డీ ఇంకా కలపలేదు.

మీలో కొందరు ఇప్పుడు అదే ఆలోచనలో ఉండొచ్చు. దిండి వైపు వెళ్తే గోదారి ఒడ్డున ప్రీ వెడ్డింగ్ షూట్లు కనిపిస్తాయి. ఉద్యోగం వచ్చేలోగా నాలుగు డబ్బులు వస్తాయనిపిస్తుంది. వస్తాయి కూడా. కాకపోతే కెమెరా ధర ఎంత అన్నది ఒక్కటే చూడకండి. మూడేళ్ల తర్వాత ఎంతకు పోతుందో కూడా చూడండి. ఆ రెండింటి మధ్య తేడానే మీ అసలు ఖర్చు.

బాడీ ఫోన్ లాంటిది.. లెన్సు వేరు

కెమెరా బాడీ సెల్‌ఫోన్ లాంటిది. కొత్త మోడల్ రాగానే పాతదాని ధర జారుతుంది. మంచి లెన్సు అంత త్వరగా పడిపోదు. కెనాన్ ఈఎఫ్ మౌంటు 1987లో వచ్చింది. 2018లో ఆర్ఎఫ్ మౌంటుతో మిర్రర్‌లెస్ కెమెరాలు తెచ్చాక కూడా, అడాప్టర్ పెడితే ఈఎఫ్ లెన్సులు వాటి మీద పనిచేస్తున్నాయి. అందుకే వాటిని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు.

డీఎస్‌ఎల్‌ఆర్ బాడీల పరిస్థితి వేరు. తమ చివరి ఫ్లాగ్‌షిప్ డీఎస్‌ఎల్‌ఆర్ 1డీ ఎక్స్ మార్క్-3యేనని కెనాన్ అధిపతి 2021 చివర్లోనే చెప్పేశారు. సోనీ, నికాన్ కూడా మిర్రర్‌లెస్ వైపే నడిచాయి. నేర్చుకోవడానికి వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ చవగ్గా దొరుకుతుంది, తీసుకోవచ్చు. మళ్లీ మంచి ధరకు అమ్ముదామన్న ఆశ మాత్రం పెట్టుకోకండి.

నికాన్ లెన్సులు కొనేవాళ్లకు ఓ జాగ్రత్త. లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డీ రకం లెన్సులకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ రాదు. తక్కువ ధరకు వస్తోందని తొందరపడొద్దు.

క్లిక్కులు ఎన్ని?

బండికి కిలోమీటర్లు ఎలాగో కెమెరాకు షట్టర్ కౌంట్ అలాగ. కెనాన్ 5డీ మార్క్-4 షట్టర్‌ను లక్షన్నర క్లిక్కులకు, నికాన్ డీ850 షట్టర్‌ను 2 లక్షల క్లిక్కులకు పరీక్షించారు. పెళ్లికి 4 వేల ఫొటోల చొప్పున చూస్తే లక్షన్నర అంటే 37 పెళ్లిళ్లు. ఆ అంకె దాటగానే షట్టర్ ఆగిపోతుందని కాదు. కానీ కొనేవాళ్లు ధర తగ్గించేది అక్కడే.

ఇంకో మెలిక ఉంది. వీడియో ఎన్ని గంటలు తీసినా షట్టర్ కౌంట్ దాదాపు పెరగదు. కాబట్టి కౌంట్ తక్కువుందని మురిసిపోకుండా ‘దీంతో వీడియో తీశారాండి?’ అని అడగండి.

మన గాలి, మన పండగలు

కోనసీమలో తేమ ఎక్కువ. బ్యాగులో పెట్టి మర్చిపోయిన లెన్సులో సాలెగూడు లాంటి ఫంగస్ పడుతుంది. కొత్తపేట ఆయన టార్చి వేసి వెతికింది దానికోసమే. అది పట్టిన లెన్సును సగం ధరకు అడిగినా ఆశ్చర్యం లేదు. తేమను 40-50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ మంచిది. అంత పెట్టలేకపోతే గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు చాలు. పొట్లాలను అప్పుడప్పుడూ మార్చాలి. అంతర్వేది, ఓడలరేవు బీచుల్లో షూట్ చేసి వస్తే, ఉప్పు గాలి తగిలిన బాడీని ఆ రోజే తుడవండి.

ఊరేగింపుల్లో, తీర్థాల్లో డీజే బళ్ల మీద తిరిగే లేజర్ లైట్లతోనూ జాగ్రత్త. ఆ కిరణం నేరుగా లెన్సులో పడితే సెన్సర్ కాలిపోవచ్చు. ఫొటోల్లో గీతలు, చుక్కలు శాశ్వతంగా ఉండిపోతాయి. వాడిన కెమెరా కొనేటప్పుడు తెల్లగోడను ఎఫ్16లో ఒకటి, లెన్సు మూత పెట్టి ఒకటి ఫొటో తీసి, జూమ్ చేసి చూడండి. మొదటిదాంట్లో దుమ్ము, రెండోదాంట్లో పాడైన చుక్కలు బయటపడతాయి.

బిల్లు లేని బహుమతి

రాజోలు వైపు గల్ఫ్ చుట్టాలు లేని ఇల్లు అరుదు. మావయ్య కువైట్ నుంచి తెచ్చిన కెమెరా చవగ్గానే పడి ఉండొచ్చు. కానీ ఇండియా వారంటీ లేకపోతే అమ్మేటప్పుడు ధర తగ్గించి అడుగుతారు. అసలు బిల్లే లేకపోతే కొనేవాళ్లు భయపడతారు. దొంగసొత్తని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. మీరు కొన్నా, అమ్మినా కాగితం మీద సీరియల్ నంబరు, తేదీ, ధర రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

కొత్త కెమెరా బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. రూ.1.18 లక్షలకు కొంటే అందులో 18 వేలు పన్నే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియో తాను కట్టాల్సిన పన్నులో దాన్ని సర్దుకోగలదు. మీకూ నాకూ అది షాపు గుమ్మం దాటగానే పోయినట్టే. విద్యార్థులు వాడింది కొనడం మేలనడానికి ఇదీ ఓ కారణం.

మరి ఎలా మొదలుపెట్టాలి?

* మొదటి అయిదారు పెళ్లిళ్లకు అసిస్టెంటుగా వెళ్లండి. అవసరమైన లెన్సు అద్దెకు తీసుకోండి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో తక్కువ ఖర్చుతో తేలిపోతుంది.
* కొనాల్సి వస్తే డబ్బు ఎక్కువ లెన్సు మీద పెట్టండి. బాడీ రెండుమూడేళ్లు వాడింది తీసుకోండి.
* అమ్మేవాళ్లు చెప్పే ధర నమ్మకండి. చివరికి ఎంతకు తెగిందో తెలిసిన ఇద్దరు ఫొటోగ్రాఫర్లను అడగండి.
* కొన్న ధరలోంచి అమ్మగలిగే ధర తీసేసి, మీకు రాగల పెళ్లిళ్లతో భాగించండి. వచ్చిన అంకె మీ రేటులో కలవాలి.
* ఆషాఢంలో, మూఢంలో కొనండి. ముహూర్తాలు మొదలయ్యే ముందు అమ్మండి.

ఆ చివరి మాట కొత్తపేట ఆయన దగ్గర నేర్చుకున్నదే. డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాక, ‘శ్రావణం వరకు ఆగుంటే ఇంకో అయిదు వేలు ఇచ్చేవాణ్ణండి’ అని నవ్వారు. నాకు జాయినింగ్ సోమవారమే. డబ్బు జేబులో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాను. మీకు ఆ తొందర రాకుండా ఉండాలంటే, అమ్మే లెక్క కొనే రోజే కాగితం మీద వేసుకోండి.