ప్రాసెసర్ మారినా మారని కొలత: హార్డ్‌వేర్ ప్రోగ్రాముల సువాహ్యత - అరకు లోయ ఉదాహరణ

1. ఉపోద్ఘాతం

తూర్పు కనుమలలోని అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలలో శీతాకాలపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పడిపోవడం పరిపాటి. కాఫీ, మిరియాలు, వలిసెలు సాగుచేసే గిరిజన రైతులకు ఈ అంకె కీలకం. ఇటువంటి చోట నెలకొల్పిన స్వయంచాలక వాతావరణ కేంద్రంలో పాత ప్రాసెసర్ స్థానంలో వేరొక నిర్మాణానికి చెందిన ప్రాసెసర్‌ను అమర్చవలసి వచ్చిందనుకుందాం. సి భాషలోని పాత ప్రోగ్రాము ఒక్క దోషమూ చూపకుండా కంపైల్ కావచ్చు. అది ఇచ్చే అంకె నమ్మదగినదేనా అన్నది అసలు ప్రశ్న.

2. బైట్ల క్రమం

సెన్సీరియాన్ సంస్థ రూపొందించిన ఎస్‌హెచ్‌టి31 సెన్సర్ ఉష్ణోగ్రతను 16 బిట్ల సంఖ్యగా, పెద్ద విలువ గల బైటును ముందుగా పంపుతుంది. ఆ సంఖ్యను 175తో గుణించి, 65535తో భాగించి, 45 తీసివేస్తే ఉష్ణోగ్రత వస్తుంది. 10 డిగ్రీల వద్ద వచ్చే బైట్లు 80, 117. వీటి సరైన విలువ 80×256+117, అనగా 20597. బిగ్ ఎండియన్ ప్రాసెసర్‌పై ఈ రెండు బైట్లను మెమరీ నుండి నేరుగా 16 బిట్ల సంఖ్యగా చదివినా ఫలితం సరిగానే ఉంటుంది. లిటిల్ ఎండియన్ ప్రాసెసర్‌పై అదే ప్రోగ్రాము 117×256+80, అనగా 30032 అని గ్రహిస్తుంది. అప్పుడు 10 డిగ్రీల చలి 35.2 డిగ్రీల వేడిగా నమోదవుతుంది. బైట్లు సక్రమంగానే అందినందున సెన్సర్ పంపే సీఆర్‌సీ పరీక్ష ఈ తప్పును పట్టుకోలేదు. 35.2 సంభవమైన విలువే కనుక అవధి పరీక్ష కూడా దానిని దాటనిస్తుంది.

3. పూర్ణాంక పరిమాణం

175×20597 = 3604475. 32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్‌పై 'ఇంట్' రకంలో ఇది ఇముడుతుంది. ఏవీఆర్ మైక్రోకంట్రోలర్లపై 'ఇంట్' సాధారణంగా 16 బిట్లే కనుక ఇమడదు. సి99 ప్రమాణం ప్రవేశపెట్టిన నిర్దిష్ట పరిమాణ రకాలలో 32 బిట్ల దానిని ఎంచుకొని గుణించడమే దీనికి పరిష్కారం.

4. రిజిస్టర్ల ప్రాప్తి

ఎక్స్86 నిర్మాణంలో పరికరాలకు ప్రత్యేక పోర్టు చిరునామాలు, వాటికి వేరే ఆదేశాలు ఉన్నాయి. ఆర్మ్, రిస్క్-ఫైవ్ నిర్మాణాలలో పరికరాల రిజిస్టర్లు మెమరీ చిరునామాలుగానే కనిపిస్తాయి. 'వోలటైల్' అనే గుర్తు కంపైలర్‌ను మాత్రమే కట్టడి చేస్తుంది. ప్రాసెసర్ మెమరీ క్రియలను ముందువెనుకలు చేయకుండా ఆపలేదు. అందుకే ఆర్మ్‌లో 'డీఎంబీ', రిస్క్-ఫైవ్‌లో 'ఫెన్స్' వంటి అవరోధ ఆదేశాలు అవసరమవుతాయి.

5. పరిష్కార మార్గం

లినక్స్ కెర్నెల్ ఈ భేదాలను 'రీడ్ఎల్', 'రైట్ఎల్' వంటి ప్రమేయాల వెనుక ఉంచుతుంది. చిన్న పరికరాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. రిజిస్టర్లను తాకే భాగాన్ని ఒక పలుచని పొరగా వేరుచేయాలి; బైట్లను గణితం ద్వారానే కూర్చాలి; కొలత లెక్కలో ప్రాసెసర్ ప్రస్తావనే ఉండరాదు. 80, 117 ఇస్తే 10.0 రావాలన్న పరీక్షను ప్రతి ప్రాసెసర్‌పైనా నడపాలి.

6. ముగింపు

ఐఐటీ మద్రాస్ 'శక్తి', సీ-డాక్ 'వేగ' వంటి స్వదేశీ రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లు వచ్చిన నేపథ్యంలో ఈ మార్పిడి అవసరం మరింత పెరుగుతుంది. ఆగిపోయిన యంత్రం తన లోపాన్ని తానే చెబుతుంది. తప్పు అంకెను నిలకడగా పంపే యంత్రం చెప్పదు. ఘాట్ రోడ్డెక్కి వెళ్లి సరిచూసేవారు అరుదైన కొండలలో ఆ పరీక్ష కేంద్రాన్ని నెలకొల్పడానికి ముందే జరగాలి.